నాంచారి అడిగిన మాట

1976 జూన్. గవర్నర్‌పేటలో ఒక పిల్లల ఆస్పత్రి మేడ మీద, అంతకుముందు సెలైన్ సీసాలు పెట్టుకునే గదిలో నాకు ఉద్యోగం ఇచ్చారు. గదితో పాటు ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరగాలో వద్దో తేల్చుకోలేని ఒక ఫ్యాను కూడా ఇచ్చారు. కింద గుమ్మం పక్కన ‘చైల్డ్ గైడెన్స్ క్లినిక్’ అని బోర్డు రాయించారు. విజయవాడలో గైడ్ అంటే పరీక్షల ముందు కొనుక్కునే పుస్తకం. అందుచేత మొదటి నెలలో నా మెట్లెక్కిన వాళ్లలో సగం మంది, పదో తరగతి మార్కుల కాగితం పట్టుకుని, మావాడికి ఎంపీసీ మంచిదా బైపీసీ మంచిదా అని అడగడానికొచ్చిన తండ్రులు. ఖాళీగానే ఉన్నాను కనక వాళ్లకూ ఏదో ఒకటి చెప్పి పంపేదాన్ని.

నేను డాక్టర్ని కాను, క్లినికల్ సైకాలజిస్టుని. మందు రాయను, సూది పొడవను. పిల్లలతో ఆడుతూ, ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ, ఒక భయమో మొండితనమో చదువు రాకపోవడమో ఎక్కడ మొదలైందో వెతకడం మా పని. దీనికి వాల్తేరులో సైకాలజీ ఎం.ఏ., ఆపైన బెంగుళూరులో ఒక పెద్ద మానసిక వైద్యశాలలో రెండేళ్ల డిప్లొమా చదవాల్సి వచ్చింది. గుడివాడలో మా నాన్న ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ‘అమ్మాయి బెంగుళూరులో చదువుతోంది’ అని ఆగేవారు. ఎక్కడా అని ఎవరైనా తరిచి అడిగితే, అక్కడ చల్లగా ఉంటుందట అనేవారు.

డిప్లొమాలో మొదట పెద్దవాళ్ల వార్డులు, తరవాత పిల్లల విభాగం. పిల్లల విభాగంలో మాకు నేర్పిన మేడమ్ ఒక సలహా ఇచ్చారు. ‘ప్రశ్న అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టు. నువ్వు ఊరుకుంటేనే అవతలివాళ్లు మాట్లాడతారు.’ నాకు మూడు దాటేది కాదు. మూడు దగ్గర ఏదో ఒక జోకు బయటికొచ్చేసేది. ‘నీకు భయం వేసినప్పుడల్లా జోకు వేస్తావు, గమనించుకున్నావా?’ అని ఆవిడ ఒకసారి అడిగారు. దానికీ ఒక జోకు వేశాను.

విజయవాడ గదిలోనూ నాకొక స్థిరమైన జోకు ఉండేది. పని అయిపోయి పిల్లలు తల్లి వెంట మెట్లు దిగుతుంటే, పైనుంచి గొంతు మార్చి, ‘ఎక్కడికే, అప్పుడే?’ అని అరిచేదాన్ని. పిల్లలు కిలకిలా నవ్వి వెనక్కి పరిగెత్తుకొచ్చేవాళ్లు. చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టి పంపేదాన్ని. దీన్ని నేను వైద్యంలో భాగంగానే లెక్కవేసుకునేదాన్ని.

ఆగస్టులో ఒక గురువారం బందరు దగ్గర సముద్రం ఒడ్డు పల్లె నుంచి ముగ్గురు వచ్చారు. తిరపతమ్మ అనే ఆవిడ, ఆవిడ కూతురు నాంచారి, ఆవిడ బావగారు కోటయ్య. తిరపతమ్మకు ముప్పై కూడా ఉండవు. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. భర్త వేటకు వెళ్లి రెండు నెలల కిందట సముద్రంలో పోయాడు. వాళ్ల మాటలో వేట అంటే చేపల వేటే. అప్పటి నుంచీ నాంచారి మాట్లాడలేదు. ఎనిమిదో ఏడు నడుస్తున్న పిల్ల. తల్లి కొంగును చేతికి రెండు చుట్లు చుట్టి పట్టుకుంది.

కోటయ్య నెమ్మదైన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా దాని మీద తువ్వాలు పెట్టి పక్కన నిలబడ్డాడు.

“మద్రాసు వైపు ఇట్టాంటి పిల్లల కోసం హోమ్ ఉందంటండీ. బువ్వ పెట్టి వాళ్లే చూసుకుంటారంట. పిల్ల మందబుద్ధి అని మీ దగ్గర కాయితం కావాలన్నారు. ఈ నెలాఖరు దాకా గడువు.”

“పిల్ల మందబుద్ధి అని మీకు ఎవరు చెప్పారు?”

“బళ్లో మేస్టారు పొమ్మన్నాడండీ. నాకు నలుగురు పిల్లలు. ఇది కొంగొదలకపోతే మా మరదలు పనిలోకి ఎట్టా పోద్ది?”

తిరపతమ్మ కొంగు చివర పట్టుకున్న చిన్న చేతిని చూస్తూ కూర్చుంది. ఆ ఇంట్లో కోటయ్య మాటే మాట అని ఆ కూర్చున్న తీరే చెప్పింది. ఆ కాగితం రాయాల్సింది నేను. గడువుకు ముందు నాలుగు గురువారాలున్నాయి. మందబుద్ధి అని రాస్తే పిల్ల తల్లికి దూరంగా ఎక్కడో గోడల మధ్య పెరుగుతుంది. కాదని రాయాలంటే నా దగ్గర రుజువుండాలి. ఇరవై నాలుగేళ్ల నా సంతకానికి అంత బరువుంటుందని డిప్లొమా ఇచ్చిన రోజు ఎవరూ హెచ్చరించలేదు.

పరీక్షలు మొదలుపెట్టాను. ఫార్మ్ బోర్డు అంటే చెక్కలో గుండ్రం, చతురస్రం, నక్షత్రం లాంటి గుంటలుంటాయి, ముక్కల్ని సరైన గుంటలో పెట్టాలి. నాంచారి ఒక చేతిలో కొంగు వదలకుండా, రెండో చేత్తో నాకంటే వేగంగా పెట్టేసింది. మందబుద్ధి కాదని నాకు అక్కడే తెలిసింది. తరవాత మనిషి బొమ్మ వేయమన్నాను. వేసింది. లుంగీ, భుజం మీద వల, తల నిండా జుట్టు. ముఖం లేదు. కళ్లూ ముక్కూ నోరూ ఏమీ లేవు. ఆ రోజు ఆ బొమ్మ గురించి నా నోటు పుస్తకంలో ఒకటిన్నర పేజీ రాశాను. అందులో ‘శూన్యం’ అనే మాట మూడుసార్లు వచ్చింది.

వాళ్లు మెట్లు దిగుతున్నారు. నేను అలవాటు ప్రకారం పైనుంచి అరిచాను.

“ఎక్కడికే, అప్పుడే?”

నాంచారి మెట్టు మీద ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. భుజాలు చెవుల దాకా లేచాయి. మెట్టు మీద తడి కనపడింది. తిరపతమ్మ నా వైపు ఒకసారి చూసి, తలవంచుకుని, పిల్లను ఎత్తుకుని దిగిపోయింది. మెట్లు తుడిచిన ఆయా, ‘పిప్పరమెంటు ముందే ఇచ్చేస్తే పోయేదిగా అమ్మా’ అంది. నేను నవ్వాను. నోటు పుస్తకంలో ‘మెట్లంటే భయమా?’ అని రాసుకున్నాను.

రెండో గురువారానికి ఇంకో సిద్ధాంతం తయారు చేశాను. తండ్రిని మింగింది నీరు కనక నీరంటే భయం. ఒక క్యాలెండర్ లోంచి సముద్రం బొమ్మ కత్తిరించి తెచ్చి, పిల్ల ముందు పెట్టాను. నాంచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అందులో పడవ కట్టిన తీరు నచ్చనట్టు పక్కన పెట్టేసింది. ఇక మూడో సిద్ధాంతం, తల్లిని వదిలి ఉండలేదని. తిరపతమ్మను ఒక్క నిమిషం బయట నిలబడమన్నాను. ఆవిడ గుమ్మం దాటకముందే పిల్ల నేల మీద పడి తల్లి కాళ్లను వాటేసుకుంది. నోరు తెరిచింది, శబ్దం మాత్రం రాలేదు. అంత పెద్దగా తెరిచిన నోట్లోంచి ఏమీ రాకపోవడం నేనదే మొదటిసారి చూడడం.

మాట్లాడగలిగీ మాట్లాడని దాన్ని మా పుస్తకాల్లో ఎలెక్టివ్ మ్యూటిజం అంటారు. పేరు తెలిసింది. కారణం తెలియలేదు. వెళ్లేటప్పుడు పిల్లకు ధైర్యం చెబుదామని, మళ్లీ అదే కేక వేశాను. ఈసారి ఆమె తిరిగి నన్ను చూసింది. పిల్లలు నన్ను చూసి విసుక్కోవడం తెలుసు, ఏడవడం తెలుసు. నన్ను చూసి అంతగా వణికిన పిల్ల అంతకుముందు లేదు.

మూడో గురువారం తిరపతమ్మా నాంచారీ నా గదిలో ఉండగా, ఆస్పత్రి యజమాని అయిన పిల్లల డాక్టరు గారు పైకొచ్చారు. యాభై దాటిన మనిషి. చేతిలో సంచీ, మెడలో స్టెతస్కోపు.

“ఏమ్మా సైకాలజీ, ఆ రిపోర్టు సంగతి ఏం చేశావు? కోటయ్య కింద కూర్చుని నన్ను చూస్తున్నాడు.”

“వచ్చే వారం ఇస్తాను సార్.”

“సరే. నేను పటమటలో ఒక ఇంటికి వెళ్లొస్తా. మూడు రోజులుగా జ్వరం తగ్గలేదట.” అంటూనే గుమ్మం వైపు తిరిగారు.

అడ్రసు తెలిస్తే కింద అడిగినవాళ్లకు చెప్పొచ్చని అడిగాను. “పటమటలో ఎక్కడికి సార్?”

నా మాట పూర్తయిందో లేదో నాంచారి తల్లి కొంగు వదిలేసింది. రెండు వారాల్లో మొదటిసారి. పరిగెత్తుకెళ్లి డాక్టరు గారి చొక్కా పట్టుకుంది. ఆయన సంచీ లాక్కుంది. ఆయన్ని ఈడ్చుకొచ్చి నా కుర్చీలో కూలేసి, బల్ల మీదున్న నా గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆయన మూతి దగ్గర పెట్టింది. నీళ్లు ఒలికి ఆయన టై తడిసింది.

డాక్టరు గారు గ్లాసు తీసుకుని, చివరి చుక్క దాకా తాగి, బల్ల మీద పెట్టారు.

“మా అమ్మ కూడా ఇంతే. వెనకనుంచి ఎవరైనా ఎక్కడికని అడిగారా, కూర్చోబెట్టి నీళ్లు తాగించి గాని పంపదు,” అన్నారు. “నలభై ఏళ్లుగా ఆ నీళ్లు తాగుతూనే ఉన్నా. ఇంకాసేపు కూర్చోనా తల్లీ?”

నాంచారి తల ఊపింది. ఆయన బుద్ధిగా కూర్చున్నారు. తరవాత లేచి వెళ్లారు.

ఈ ఆచారం నాకు తెలియక కాదు. కృష్ణా జిల్లాలో పుట్టి తెలియకుండా ఎలా ఉంటుంది? బయల్దేరుతున్న మనిషిని ఎక్కడికని అడగకూడదు, వెళ్లే పని చెడుతుంది. తప్పనిసరైతే ‘దూరమా?’ అనాలి. పొరపాటున అడిగితే ఆ మనిషి వెనక్కొచ్చి కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. మా నాన్న కూడా తిట్టుకుంటూ అలాగే చేసేవారు. బెంగుళూరు వెళ్లాక నేను దాన్ని మూఢనమ్మకాల కింద రాసేసి, ఏకంగా జోకు చేసుకున్నాను. బందరు బస్సెక్కబోతున్న పిల్లకు రెండు వారాలు వరసగా మెట్ల మీద నిలబడి ఏం చెప్పి పంపానో అప్పుడు అర్థమైంది. ఆ రెండు సాయంత్రాలూ ఆ బస్సులో అంత దూరం ఆమె ఎలా కూర్చుని ఉంటుందో!

“తిరపతమ్మా, ఆ రోజు మీ ఆయన బయల్దేరేటప్పుడు ఏం జరిగింది?”

“ఏముందండీ. పడవలో నలుగురెల్లారు. గాలి తిరిగింది. ముగ్గురొచ్చారు.” ఆవిడ ఆగింది. “బయల్దేరేటప్పుడు ఎవరో ఎనకనుంచి ఎక్కడికని అడిగారంట. పడవ కాడ ఆలీసం అవుద్దని కూర్చోలా, నీళ్లు తాగలా. నవ్వుకుంటా ఆ మాట పడవలోవాళ్లకి చెప్పాడంట. వచ్చినోళ్లు చెప్పారు. మా అత్త ఒడ్డునే కూలబడి, ఆ అడిగిన నోరు ఎవరిదే అని ఏడ్చిందండీ. అందరం ఇన్నాం. ఎవరూ మాట్లాడలా.”

నాంచారి బల్ల కిందికి వెళ్లిపోయింది. నేనూ నేల మీద కూర్చున్నాను. ఆ బొమ్మలోని మనిషికి ముఖం ఎందుకు లేదో అప్పుడు వెలిగింది. అందులో శూన్యమూ లేదు, పాడూ లేదు. అది వీపు. వెళ్లిపోతున్న మనిషిని వెనకనుంచి చూస్తే జుట్టే కనిపిస్తుంది.

“నాంచారీ, అడిగింది నువ్వా?”

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడు దగ్గర నా నోటికి ఏదో వచ్చింది. మింగేశాను. ఏడు దగ్గర ఆమె తల ఊపింది.

తిరపతమ్మకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆవిడ ముఖంలో ఏముందో చూద్దామంటే కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, నాతో ఒక్క మాట చెప్పకుండా దిగిపోయింది. నేను పైనుంచి అరవలేదు. రెండు నెలలుగా దాచుకున్న రహస్యాన్ని తల్లి ముందు బయటపెట్టించాను. ఆ తల్లి ఇంటికెళ్లి పిల్లను ఏం చేస్తుందో తెలియదు. పిల్లను ఏమీ అనక్కర్లేదు, ఒక్కసారి ముఖం తిప్పుకుంటే చాలు. అత్తకు చెబితే ఇంకేముంది, హోమ్ కాగితానికి నా సంతకం కూడా అడగరు.

భయపడుతూనే ఒక పట్టిక తయారు చేశాను. డీసెన్సిటైజేషన్ అని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. భయాన్ని చిన్న చిన్న మోతాదుల్లో అలవాటు చేయడం. పది మెట్లు రాశాను. మొదటి మెట్టులో, రంగు కాగితంతో చేసిన బొమ్మ మనిషి బయటికి వెళ్తుంటే, ఇంకో బొమ్మ ఎక్కడికని అడుగుతుంది. పదో మెట్టులో అసలు మనిషిని నాంచారే అడుగుతుంది. దానికి నా అంచనా ఆరు నెలలు. గడువుకు మిగిలింది ఒక గురువారం.

నాలుగో గురువారం పది గంటలకల్లా వచ్చారు. కోటయ్య కింద ఆగాడు. నేను బొమ్మల కోసం పెన్సిలు చెక్కుతుండగానే తిరపతమ్మ కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

“ఇదిగో, ఇను. మీ నాన్నని నేనూ అడిగేదాన్నే.”

నాంచారి కదల్లేదు.

“రోజూ అడిగేదాన్ని. పెళ్లైన కాడినుంచీ. ఎక్కడికి అంటే ఇంకెక్కడికి, నీ మొగుడు కలెక్టరా, వేటకే అనేవోడు. పోయేవోడు. వచ్చేవోడు. అన్నిసార్లు అడిగినా వచ్చాడు. నువ్వొక్కసారి అడిగితే పోయాడా? నీది అంత గొప్ప నోరా?”

పిల్ల తల్లి ముఖం వెతికింది. తిరపతమ్మ ముఖం దాచుకోలేదు. తరవాత లేచి, ప్రయాణానికి తెచ్చుకున్న ఇత్తడి మరచెంబు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మా వైపు వీపు పెట్టి.

“నీళ్లకెల్తన్నా. అడుగు.”

నా పట్టికలో అది పదో మెట్టు. నేనింకా ఒకటో మెట్టుకు పెన్సిలు చెక్కుతున్నాను. ఆగమని చెప్పాలి. చెప్పలేదు. ధైర్యంతో కాదు, భయంతో. పది లెక్కపెట్టాను. ఇంకో పది. ఫ్యాను ఆగింది, మళ్లీ తిరిగింది. మూడో పదిలో, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఒక గొంతు వచ్చింది.

“ఎక్కడికమ్మా?”

“నీళ్లకే.”

వెనక్కి రాలేదు. కూర్చోలేదు. నీళ్లు తాగలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది.

కుళాయి ఉన్నది కింద, పెరట్లో. రెండు నిమిషాల పని. రెండు నిమిషాలయ్యాయి. ఐదయ్యాయి. నాంచారి కళ్లు గుమ్మం మీద ఉన్నాయి, ఆమె గోళ్లు నా ముంజేతిలో ఉన్నాయి. ఏలూరు రోడ్డు మీద ఏదో లారీ కీచుమని బ్రేకు వేసింది. ఎవరో అరిచారు. అంత చదువూ చదివినదాన్ని, ఆ క్షణంలో వెనకనుంచి అడిగిన మాటను పూర్తిగా నమ్మాను. తిరపతమ్మ రోడ్డు మీద పడి ఉన్నట్టు, మరచెంబు దొర్లుతున్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది. కిందికి పరిగెత్తుదామనుకున్నాను. కానీ నేను లేస్తే పిల్ల ఏమనుకుంటుంది? ఒక జోకు కోసం వెతుక్కున్నాను. ఒక్కటి దొరకలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. వచ్చింది కోటయ్య.

“మా మరదలు ఎటెల్లిందండీ?” అన్నాడు. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఇంకా కాసేపటికి తిరపతమ్మ వచ్చింది. చెమటతో రవిక తడిసిపోయింది.

“కుళాయిలో చుక్క రాలేదండీ. రోడ్డుకి అవతల హోటలుకెల్లి తెచ్చా.”

నాంచారి నా చెయ్యి వదిలి, వెళ్లి తల్లి కడుపు మీద రెండు గుద్దులు గుద్దింది.

“ఇంతసేపా? నీళ్లకి ఇంతసేపా? రోడ్డెందుకు దాటావు, కుళాయి అంటే కుళాయికే ఎల్లాలి.” అంటూ రెండు నెలల మాటలన్నీ వరసపెట్టింది. తిరపతమ్మ మరచెంబు మూత తిప్పి అందిస్తే, తిడుతూనే తాగింది. గుమ్మంలో నిలబడ్డ కోటయ్య లోపలికొచ్చి, మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజే రిపోర్టు రాశాను. తెలివితేటలు వయసుకు తగినట్టున్నాయి, మాట ఉంది, బడికి పంపవలెను. కోటయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “మేస్టారికి చూపిస్తానండీ,” అన్నాడు. మద్రాసు మాట ఎత్తలేదు.

ఆయన పిల్లను తీసుకుని నాలుగు మెట్లు ముందు దిగాడు. తిరపతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే అడిగాను.

“నిజంగా రోజూ అడిగేవారా?”

“అడుగుతానాండీ?” ఆవిడ గొంతు తగ్గించింది. “పడవెక్కే మనిషిని ఎవరన్నా అడుగుతారా? పెళ్లైన తొమ్మిదేళ్లలో ఒక్కనాడు నోరు జారలా.”

“మరి ఇందాక కిందికి దిగేటప్పుడు?”

“కాళ్ల వణుకు ఆగలేదండీ. గోడ పట్టుకుని దిగా. రోడ్డు కాడ నిలబడి నిలబడి, ఒక్క రిక్షా కూడా లేనప్పుడు దాటా. అందుకే ఆలీసం.”

మా పుస్తకాల్లో ఈ వైద్యం పేరుంది, మెట్ల లెక్క ఉంది, పిల్ల ఎంత భయపడిందో నింపడానికి గడులున్నాయి. మెట్లు దిగే మనిషికి గడి లేదు. ఈ కేసు జరిగి మూడేళ్లయింది. ఆ తరవాత చాలామంది పిల్లల్ని చూశాను. భయం పోయాక మెట్లు దిగినవాళ్లు నాకు తగల్లేదు. గోడ పట్టుకుని, భయంతోనే ఎవరో ఒకరు దిగుతారు. అది చూసి పిల్లలు నేర్చుకుంటారు. నేను కూడా తిరపతమ్మను చూసే నేర్చుకున్నాను.

ఆ రోజు వాళ్లు వెళ్తుంటే నేను మెట్ల పైన నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. సగం దిగాక నాంచారి ఆగి, వెనక్కి తిరిగింది. కాసేపు ఎదురు చూసింది.

“అడగవా?” అంది.

తిరపతమ్మ గోడ మీద చెయ్యి వేయడం చూశాను. మూడు లెక్కపెట్టాను. నాలుగో అంకె రాలేదు.

“ఎక్కడికే, అప్పుడే?”

“బందరు,” అని చెప్పి, పిప్పరమెంటు కోసం కూడా ఆగకుండా దిగిపోయింది.

మళ్లీ గురువారం వాళ్లు నవ్వుకుంటూ మెట్లెక్కి వచ్చేదాకా, రోజూ పొద్దున్నే పేపరు తెరిచి, మిగతా వార్తలన్నీ వదిలేసి, ముందు బస్సు ప్రమాదాల కోసం వెతికాను.